తగ్గిన కిలోలు తిరిగి వస్తున్నాయి, నా తప్పేమిటి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 44 ఏళ్లు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటే రాత్రి ఎనిమిదికి లేస్తాను. సీజనులో పది దాటుతుంది. రెండేళ్ల కిందట నా బరువు 88 కిలోలు. షుగరు అంచుకు వచ్చిందని చెప్పడంతో భయపడి, రాత్రి అన్నం మానేసి రెండు జొన్న రొట్టెలకు మారాను. కాలువ కట్ట మీద రోజూ గంటసేపు నడిచాను. ఎనిమిది నెలల్లో 74 కిలోలకు వచ్చాను. అనుకున్నది సాధించాను కదా అని, పైగా యాసంగి కోతలు మొదలై మిల్లులో పని పెరగడంతో నడక ఆపేశాను. తిండి మాత్రం పెంచలేదు. ఇప్పటికీ రాత్రిపూట రొట్టెలే. అయినా పది నెలల్లో ఆరు కిలోలు తిరిగి వచ్చాయి. మా నాన్న వ్యవసాయం చేసేవాడు, చివరిదాకా మూడు పూటలా అన్నమే తిన్నాడు, పొట్ట లేదు. మా మిల్లు హమాలీలు నాకు రెట్టింపు తింటారు, వాళ్లూ సన్నగానే ఉన్నారు. నాకే ఎందుకిలా? తిండి ఇంకా తగ్గించాలా? హైదరాబాదులో మా బావమరిది బరువు తగ్గే ఇంజెక్షను తీసుకుంటున్నాడు. నేనూ తీసుకోవాలా? ఎడమ మోకాలు కూడా నొప్పిగా ఉంటోంది. మాది మర్రిగూడ మండలం, చిన్నప్పుడంతా బోరు నీళ్లే తాగాను. మెచ్చుకున్నవాళ్లే ఇప్పుడు "మళ్లీ వచ్చావే" అంటుంటే తలెత్తుకోలేకపోతున్నాను.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "అనుకున్నది సాధించాను కదా అని నడక ఆపేశాను" అని రాశారు. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఇదే మాట చెబుతారు, జ్వరం తగ్గింది కాబట్టి మాత్రలు ఆపేశామన్నంత మామూలుగా. మీరు నడకను బరువు తగ్గించే మందు అనుకున్నారు, తగ్గగానే పక్కన పెట్టారు. నిజానికి తగ్గే రోజుల్లో నడక చేసిన సాయం కొంతే. ఆ 14 కిలోల్లో ఎక్కువ భాగం మీ పళ్లెంలో జరిగిన మార్పు వల్ల పోయింది. నడకతో అసలైన పని పడింది మీరు 74కు చేరుకున్నాకనే. సరిగ్గా అప్పుడే దాన్ని వదిలేశారు.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఈ సంగతి మీకు ముందే చెప్పవలసింది మా వైద్యులమే. "నడవండి, బరువు తగ్గుతారు" అని ఒక్క ముక్క చెప్పి పంపించేస్తాం. తగ్గాక ఏం జరుగుతుందో, అప్పుడు ఏం చేయాలో చెప్పడానికి మా దగ్గర సమయం ఉండదు. ఓపీ బయట వరుస పెరుగుతూ ఉంటుంది. అందుకే ఈ ఉత్తరానికి కొంచెం పొడుగ్గానే జవాబు రాస్తున్నాను.

ఎప్పుడూ 74 కిలోలే ఉన్న మనిషి శరీరం, 88 నుంచి 74కు దిగివచ్చిన మీ శరీరం ఒక్కలా నడవవు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో రూడాల్ఫ్ లీబెల్, మైకేల్ రోజెన్‌బామ్ 1995లో దీన్ని కొలిచి చూపించారు. బరువులో పదో వంతు తగ్గి అక్కడ నిలబడినవారి శరీరం, ఆ కొత్త బరువుకు లెక్క ప్రకారం కావలసినదానికంటే కూడా తక్కువ ఖర్చు చేస్తోంది. ఆ తేడా పది పదిహేను శాతం దాకా ఉంటుందని తరువాతి పరిశీలనలూ చెప్పాయి. కండరాలు పొదుపు నేర్చుకుంటాయి. మునుపటి పనినే తక్కువ ఇంధనంతో చేసుకుపోతాయి. దానికి తోడు ఆకలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన కెవిన్ హాల్ బృందం 2016లో వేసిన అంచనా ఇది: తగ్గిన ప్రతి కిలోకూ శరీరం రోజువారీ ఖర్చు 20 నుంచి 30 కేలరీలు పడిపోతుంది, ఆకలి మాత్రం రోజుకు దాదాపు 100 కేలరీల మేర పెరుగుతుంది. మీ 14 కిలోలకు ఖర్చు వైపు లెక్కే 280 నుంచి 420 కేలరీలు. ఆకలి వైపు లెక్క ఇంకా పెద్దది.

తిండి పెంచలేదన్న మీ మాటను నమ్ముతున్నాను. అయితే ఆకలి ఇలా పెరిగినప్పుడు అది విందు భోజనంలా వచ్చి కనిపించదు. కూర మరో గరిటె, సాయంత్రం టీతో పాటు గుప్పెడు మురుకులు, పెరుగన్నంలో ఇంకో ముద్ద. తినేవాడికే తెలియదు. ఆరు కిలోల కొవ్వును పది నెలల రోజుల మీద పంచి చూడండి, సగటున రోజుకు 150 కేలరీలకు కొంచెం పైన తేలుతుంది. మీరు కట్ట మీద నడిచిన ఆ గంట, కూర్చున్నా అయ్యే ఖర్చు తీసేయగా, 74 కిలోల మనిషికి సుమారు 180 కేలరీలు. శరీరం ఇంత ఖచ్చితంగా జమాఖర్చులు రాయదు. అయినా ఆపేసిన నడకా, పేరుకున్న మిగులూ ఇంత దగ్గరగా రావడం మీరు గమనించాలి.

ఇక మీ నాన్నగారి సంగతి, హమాలీల సంగతి. ఉత్తరంలో మీరు దీన్ని ఫిర్యాదులా రాశారు గానీ, మొత్తం విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఇదే. 1956లో హార్వర్డ్ పోషకాహార శాస్త్రజ్ఞుడు జాన్ మేయర్, మరికొందరు కలిసి పశ్చిమ బెంగాల్‌లోని ఒక జనపనార మిల్లుకు చెందిన 213 మందిని పరిశీలించి ఫలితాలు ప్రచురించారు. అక్కడా మీ మిల్లులో లాగే రకరకాల మనుషులు. బరువులు మోసేవాళ్లు, యంత్రాల దగ్గర నిలబడేవాళ్లు, గుమాస్తాలు, రోజంతా దుకాణంలో కూర్చునేవాళ్లు. ఒక మోస్తరు శ్రమ నుంచి పైకి పోయేకొద్దీ, పని ఎంత పెరిగితే తిండి అంత పెరిగింది, బరువు మాత్రం అలాగే ఉంది. శ్రమ బాగా తక్కువగా ఉన్న చోటే లెక్క తారుమారైంది. కూర్చుని పనిచేసేవాళ్లు తేలికపాటి పని చేసేవాళ్లకంటే తక్కువ తినలేదు, ఎక్కువే తిన్నారు. బరువూ వాళ్లదే ఎక్కువ.

అది పాత పరిశీలన, ఒక్క మిల్లుది. దాని మీదే అంతా నిలబెట్టను. కానీ అది చెప్పిన సంగతి నా ఆసుపత్రి అనుభవానికి సరిగ్గా సరిపోతుంది. కాళ్లూ చేతులూ ఆడుతున్నంత కాలం ఆకలి పనిని అనుసరించి నడుస్తుంది. మనిషి పూర్తిగా కూర్చుండిపోతే ఆకలి కూడా అంత తగ్గిపోవాలి, కానీ తగ్గదు. మీ నాన్నగారు అన్నం లెక్కపెట్టుకుని తినలేదు. పొలం గట్ల మీద తిరిగే కాళ్లు ఆయన తరఫున ఆ లెక్క చూసుకున్నాయి. మీకు ఆ సాయం లేదు. అందుకే ఆయన ఒక్కసారి కూడా ఆలోచించని అన్నం ముద్ద గురించి మీరు రోజూ ఆలోచించవలసి వస్తోంది.

హమాలీలను చూసి మాత్రం ఆశపడకండి. బస్తాలు మోయడం వ్యాయామం కాదు. ఆ నడుములు యాభై ఏళ్లకే ఎలా అరిగిపోతాయో నేను చూస్తూనే ఉన్నాను. విశ్రాంతి లేకుండా, తప్పించుకునే వీలు లేకుండా చేసే చాకిరీ వేరు, మనిషి తన ఇష్టంతో, తన మోతాదులో చేసే శ్రమ వేరు. మీకు కావలసింది రెండోది.

మీ ప్రశ్నకు నేరుగా జవాబు దొరికే పరిశీలన మరొకటి ఉంది. అమెరికాలో బరువు తగ్గే పోటీ ఒకటి టీవీలో వచ్చేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తరువాత మళ్లీ పరీక్షించారు. కొందరు తగ్గిన బరువులో చాలా భాగం నిలబెట్టుకున్నారు, కొందరు పూర్తిగా మొదటికి వచ్చారు. రెండు గుంపులవారి తిండి తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా కదలికలో ఉంది. నిలబెట్టుకున్నవారి శారీరక శ్రమ పోటీకి ముందు ఉన్నదానికంటే 160 శాతం పెరిగి ఉంది. తిరిగి పెరిగినవారిలో ఆ పెరుగుదల 34 శాతమే. 2017లో ఇది అచ్చయినప్పటి నుంచి, ఇంకా తిండి తగ్గించాలా అని అడిగే ప్రతివారికీ నేను ఈ రెండు అంకెలు చెబుతున్నాను.

కాబట్టి తిండి ఇంకా తగ్గించకండి. రాత్రి రెండు రొట్టెలు చాలు, అవి ఒకటి కావలసిన పని లేదు. ఇంకా కోస్తే ఆకలి మరింత పెరుగుతుంది, కండ కరుగుతుంది, సీజనులో ఒక అలసిన రాత్రి కట్టలన్నీ తెగిపోతాయి. టీలో చక్కెర మాత్రం చూసుకోండి. మిల్లు ఆఫీసుల్లో రోజుకు ఎన్ని టీలు వస్తాయో నాకు తెలుసు. రెండు చెంచాల చక్కెర అంటే 40 కేలరీలు, ఆరు కప్పులకు 240. మీ గంట నడకను ఆ చక్కెర ఒక్కటే మింగేస్తుంది. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించకండి.

ఎంత నడవాలి? బరువు నిలబెట్టుకోవడానికి వారానికి 250 నిమిషాలు దాటాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2009లో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలందరికీ చెప్పింది 150 నుంచి 300 నిమిషాలు. మీరు ఆ శ్రేణిలో పై అంచున ఉండాలి, అంటే వారంలో ఐదారు రోజులు ఇంచుమించు గంట. అమెరికాలో 1994 నుంచి ఒక పట్టిక నడుస్తోంది. కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదిపాటు నిలబెట్టుకున్నవారు తమంతట తామే అందులో చేరతారు. మీరు తగ్గిన 14 కిలోలు ఆ గీత దాటినవే. వారిలో పదిమందికి తొమ్మిదిమంది సగటున రోజుకు గంట శ్రమ చేస్తున్నారు, ఎక్కువమంది చేసేది నడకే. పదిమందిలో ఆరుగురికి పైగా వారానికి పది గంటలకంటే తక్కువ టీవీ చూస్తారు. చేరినవారంతా పట్టుదల ఉన్నవారే కాబట్టి అది లోకమంతటికీ కొలబద్ద కాదు. నిలబెట్టుకున్నవారి రోజు ఎలా ఉంటుందో మాత్రం తెలుస్తుంది.

గంట అనగానే మీకు గుండె జారుతుందని తెలుసు. సీజనులో ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉంటే, రాత్రి పదింటికి ఇల్లు చేరే మనిషిని కాలువ కట్ట మీదికి పంపడం న్యాయం కాదు. మీ నడక ఆగింది సరిగ్గా యాసంగి కోతల్లో. ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాలో ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. పని ఒత్తిడీ ఎండా రెండూ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. ఈసారీ పడతాయి. వాటికి సంకల్పంతో ఎదురు నిలవాలనుకుంటే ఓడిపోతారు. ముందే ఏర్పాటు చేసుకోవాలి.

సీజను లేని నెలల్లో గంటను కట్ట మీదే ఒక్కసారిగా నడవండి. మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగం చాలు. సీజనులో దాన్ని ముక్కలు చేయండి. ఒకప్పుడు ఏకబిగిన పది నిమిషాలైనా చేయకపోతే లెక్కలోకి రాదనేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఆ నిబంధనను తీసేసింది. ఎంత చిన్న ముక్కైనా లెక్కే. తెల్లవారుజామున ఎండ ఎక్కకముందు ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం భోజనం కాగానే గోదాము నీడలో పది, రాత్రి ఇల్లు చేరేముందు వీధిలో మరో పదిహేను. ఊక దుమ్ము ఎగిరే వైపు వద్దు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆ రెండు నెలల్లో వారానికి 250 కాకుండా 150 నిమిషాలే కుదిరితే 150 చేయండి. సున్నాకు మాత్రం దిగకండి. సున్నా నుంచి మళ్లీ మొదలుపెట్టడం ఎంత కష్టమో ఈ పది నెలల్లో మీరే చూశారు.

ఇప్పుడు కుర్చీ దగ్గరికి వస్తాను. దీని గురించి మీరు ఒక్క వాక్యం రాశారు, నాకు మాత్రం చాలా రాయాలని ఉంది.

మీరు గంట నడిచిన రోజుల్లో కూడా పదకొండు గంటలు కూర్చున్నారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవిన్ అనే వైద్యుడు 2005లో ఒక పరిశీలన ప్రచురించాడు. సన్నగా ఉన్నవాళ్లు పదిమంది, కొంచెం లావుగా ఉన్నవాళ్లు పదిమంది. ఎవరికీ వ్యాయామం అలవాటు లేదు. ఒంటికి పరికరాలు కట్టి పది రోజులపాటు ప్రతి అర సెకనుకూ ఎలా ఉన్నారో నమోదు చేశారు, కూర్చున్నారా, నిలబడ్డారా, నడుస్తున్నారా అని. లావుగా ఉన్నవాళ్లు రోజుకు రెండు గంటలకు పైగా ఎక్కువ కూర్చుంటున్నట్టు తేలింది. వాళ్లూ సన్నవాళ్లలాగే మసలితే రోజుకు 350 కేలరీల దాకా ఎక్కువ ఖర్చయ్యేవి. అది మీ గంట నడకకు దాదాపు రెట్టింపు. ఇందులో వ్యాయామం అని పిలవదగినది ఏదీ లేదు. లేవడం, రెండడుగులు వేయడం, నీళ్లు తెచ్చుకోవడం, గుమ్మం దాకా వెళ్లి రావడం, అంతే.

అదే పరిశీలనలో మనసుకు పట్టే సంగతి ఇంకొకటి ఉంది. లావుగా ఉన్నవాళ్లు బరువు తగ్గాక కూడా వాళ్లు కూర్చునే తీరు మారలేదు. అంటే బరువు దిగిందని కదలిక తనంతట అది రాదు. కొందరికి అది స్వభావంలోనే ఉంటుంది, కొందరికి ఉండదు. మనలాంటివాళ్లం దాన్ని ఏర్పాటు చేసుకోవలసిందే. "మనలాంటివాళ్లం" అన్నాను, ఎందుకంటే నాదీ కుర్చీ పనే. ముప్పైల్లో పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగినవాణ్ని. అందుకే మీరు తలెత్తుకోలేకపోతున్నానని రాసిన వాక్యం నాకు బాగా గుచ్చుకుంది.

మిల్లు ఆఫీసులో ఏర్పాటు అంటే ఏమిటి? కాటా చీటీ కోసం కుర్రవాణ్ని పంపకండి, మీరే కాటా దాకా వెళ్లండి. రోజుకు ఎన్ని బండ్లు తూగుతాయో మీకే తెలుసు, వాటిలో సగానికి వెళ్లినా చాలు. లారీల వాళ్లతో, కమీషన్ ఏజెంట్లతో ఫోను మాటలన్నీ నడుస్తూ మాట్లాడండి. మంచినీళ్ల సీసా బల్ల మీద పెట్టుకోకండి, కుండ ఆవరణకు ఆ చివర ఉండాలి. నీళ్లు తాగాలంటే లేవాలి. అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు తిరిగితే భోజనం తరువాత పెరిగే చక్కెర కూడా తగ్గుతుందని పరిశీలనలు చూపించాయి. షుగరు అంచున ఉన్న మీకు ఇది బరువును మించిన లాభం. మీ యజమానికి చెప్పి చేయండి, దాచి చేయవలసిన పని కాదు. గుమాస్తా ఆరోగ్యంగా ఉంటే ఆయన లెక్కలూ సరిగ్గా ఉంటాయి.

నిలబడి పనిచేసే బల్ల కొనమని ఎవరైనా చెబితే తొందరపడకండి. 65 కిలోల మనిషి కూర్చోవడానికి బదులు ఆరు గంటలు నిలబడితే అదనంగా అయ్యే ఖర్చు 54 కేలరీలని 2018లో లెక్క కట్టారు. ఒక టీలోని చక్కెర కంటే కొంచెం ఎక్కువ. కాళ్లు ఆడాలి, ఊరికే నిలబడితే వచ్చేది స్వల్పం.

వారంలో రెండు రోజులు బలం పెంచే పని కూడా చేయండి. తగ్గిన బరువులో దాదాపు నాలుగో వంతు కొవ్వు కానిదే పోతుంది, అందులో కండా ఉంటుంది. తిరిగి వచ్చేది ఎక్కువగా కొవ్వు. గోడకు చేతులు ఆనించి దండీలు, నీళ్లు నింపిన సీసాలతో చేతుల వ్యాయామం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. బస్కీలు మాత్రం మోకాలి సంగతి తేలేదాకా వద్దు.

ఆ మోకాలి గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. మర్రిగూడ, బోరు నీళ్లు అని రాశారు. ఆ ప్రాంతంలో ఫ్లోరైడ్ ఎముకలకు ఏం చేసిందో నల్లగొండ జిల్లాలో వైద్యం చేసే ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టి "నల్లగొండ టెక్నిక్" అని పిలుస్తారు, మన బాధ అంతటిది. ఇప్పుడు మంచి నీళ్లు తాగుతున్నా, చిన్నతనంలో ఎముకల్లో చేరినది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పొద్దున లేవగానే నడుము, మెడ బిగుసుకుపోవడం, నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చోలేకపోవడం, గడ్డం ఛాతీకి ఆనించలేకపోవడం ఉన్నాయేమో చూసుకోండి. ఉన్నా లేకపోయినా ఎముకల వైద్యుడి దగ్గరికి వెళ్లి చిన్ననాటి నీళ్ల సంగతి చెప్పండి. మోకాలితో పాటు ముంజేయి ఎక్స్‌రే కూడా అవసరమా అని అడగండి, ఫ్లోరోసిస్ ఆనవాలు అక్కడ కనిపిస్తుంది.

మామూలు అరుగుదలే అని తేలితే నడక మానవలసిన పని లేదు. కట్ట మీద రాళ్లూ గతుకులూ లేని చోట, మడమకు మెత్తగా ఉండే బూట్లతో నడవండి. నొప్పి ఎక్కువైన రోజుల్లో సైకిలు తొక్కండి, సీటు కొంచెం ఎత్తుగా పెట్టుకుని. కిలో బరువు తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని కొలిచారు. తిరిగి వచ్చిన ఆ ఆరు కిలోలు మీ మోకాలికి 24 కిలోలు. నొప్పి ఈ మధ్యే మొదలైందంటే అదీ ఒక కారణం కావచ్చు.

ఇంజెక్షను గురించి. మీ బావమరిది తీసుకుంటున్నది ఏ మందో రాయలేదు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న రకాలు ఆకలిని బాగా తగ్గిస్తాయి, అవసరమైనవారికి మేలు చేస్తాయి. వాటికి నేను వ్యతిరేకిని కాను. కానీ వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు పెద్ద పరిశీలనలోనే తేలింది. డెన్మార్క్‌లో ఇదే కోవకు చెందిన లిరాగ్లుటైడ్‌తో చేసిన మరో పరిశీలనలో, మందుతో పాటు వ్యాయామం కూడా చేసినవారు మందు ఆపేశాక బరువును మెరుగ్గా నిలబెట్టుకున్నారు. మందు తీసుకున్నా నడక తప్పదు. మీ షుగరు, రక్తపోటు, థైరాయిడ్ ఫలితాలు చూశాక మీ వైద్యుడే నిర్ణయించాలి. బంధువు దగ్గర మిగిలిన సూది మాత్రం ఎప్పుడూ వేసుకోకండి. షుగరు మాత్రలు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే, నడక పెంచేముందు ఆయనకు చెప్పండి. కొన్ని మాత్రలతో ఖాళీ కడుపున నడిస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది.

బరువు వారానికి ఒక్కసారి చూసుకోండి. ప్రతి సోమవారం పొద్దున, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద. బస్తాలు తూచే కాటా అయినా ఫరవాలేదు. రోజూ చూస్తే తేమ మిమ్మల్ని మోసం చేస్తుంది. తేమ గురించి మీకు నేను చెప్పాలా? 17 శాతం దాటిన ధాన్యాన్ని ఆరబెడితే బస్తా తూకం తగ్గుతుంది, లోపల బియ్యం తగ్గదు. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం కూడా అలాగే తనకు మూడింతల నీటిని పట్టుకుని ఉంటుంది. పెళ్లి భోజనం మర్నాడు కిలోన్నర పెరిగినా, రెండు రోజులు తక్కువ తింటే కిలోన్నర తగ్గినా చాలావరకు అది నీరే. మూడు వారాలు వరుసగా పైకి పోతే అది కొవ్వు. పాదాల వాపు, ఆయాసంతో కలిసి కొద్ది రోజుల్లోనే రెండు మూడు కిలోలు పెరిగితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడే 74 గురించి ఆలోచించకండి. మొదటి మూడు నెలలు 80 దగ్గర నిలబడటమే పని. అది మీకు చిన్నదిగా కనిపిస్తుంది, నా దృష్టిలో ఇదే కష్టమైనది. నిలబెట్టడం చేతనైతే తరువాత రెండు కిలోలు దించి, అక్కడ మళ్లీ నిలబడవచ్చు. పక్కనే నడుము కొలత కూడా రాసుకోండి. మన దేశపు మగవారికి 90 సెంటీమీటర్లు దాటకూడదు. కొన్నిసార్లు కాటా కదలకపోయినా టేపు కదులుతుంది.

"మళ్లీ వచ్చావే" అన్నవారికి జవాబు చెప్పవలసిన అవసరం మీకు లేదు. 88 నుంచి 80 అంటే ఇప్పటికీ ఎనిమిది కిలోలు మీ దగ్గరే ఉన్నాయి. వాటిని ఎవరూ లెక్కపెట్టడం లేదు, మీరు కూడా ఉత్తరంలో లెక్కపెట్టలేదు. అది నాకు బాధ కలిగించింది.

యాసంగి కోతలు మొదలయ్యేలోగా ఎముకల వైద్యుణ్ని కలవండి. ఎక్స్‌రే చూసి ఆయన ఏమన్నారో, సీజనులో మధ్యాహ్నం ఆ పది నిమిషాలు గోదాములో కుదిరాయో లేదో మళ్లీ రాయండి. బస్కీలు ఎప్పుడు మొదలుపెట్టాలో అప్పుడు చెబుతాను.